అవ్వ మానేసిన మజ్జిగ

ఉడికిన అన్నాన్ని మింగకుండా నములుతూ పోతే కాసేపటికి తియ్యబడుతుంది. నమ్మకం లేకపోతే ఈ పూటే చూసుకోండి. నన్ను చెడగొట్టిన చదువు ఆ తీపితోనే మొదలైంది.

యాభైల చివర్లో మాట. నేను ఎనిమిదో తరగతి. మా సైన్సు అయ్యవారు ఒకరోజు పిల్లలందరినీ ఇంటినుంచి గుప్పెడు అన్నం మూటగట్టుకొని రమ్మన్నారు. "మింగినోళ్ళ వీపు చిట్లుతుంది" అని బెదిరించి, నూరు లెక్కపెట్టేదాకా నమిలించినారు. ఎనభై దాటేసరికి నా నోట్లో చప్పటి అన్నం తీపెక్కింది. నాకు ఒళ్ళు జలదరించింది. పుట్టినప్పటినుంచీ తింటా ఉన్న అన్నం, నా నోట్లోనే ఇంత పని జరుగుతా ఉంటే, నాకు తెలియకుండా పోయిందే అనిపించింది.

తర్వాత రెండు గాజు గొట్టాల్లో పలచటి గంజి పోసి, ఒకదాంట్లో నాచేత ఉమ్మి వేయించినారు. క్లాసంతా ఛీ ఛీ అని ఒకటే గోల. కాసేపాగి రెండిట్లోనూ టింక్చర్ అయొడిన్ చుక్క వేస్తే ఉత్త గంజి నల్లటి నీలమైపోయింది. ఉమ్మి కలిసిన గంజి నీలం తిరగలేదు. "చూసినారా? దీంట్లో పిండి ఇంక లేదు. ఉమ్మిలో ఉండే టయలిన్ దాన్ని తీపి చేసేసింది. ఇట్లాంటి వాటిని ఎంజైములంటారు. నోట్లో ఒకటి, జఠరంలో ఒకటి, చిన్నపేగులో ఇంకా బోలెడు. ఒక్కోదానికి ఒక్కటే పని. పిండిని విడగొట్టేది మాంసాన్ని ముట్టదు. మాంసాన్ని విడగొట్టేది నూనె జోలికి పోదు" అన్నారు అయ్యవారు. ఆ సాయంత్రం నేను ఇంటికి నడవలేదు, తేలుకుంటా పోయినాను.

మా పాళెం కొడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉండేది. ఒక పక్క వరి కయ్యలు, ఇంకో పక్క ఇసక, సరుగుడు తోటలు. ఎనిమిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లను అక్కడ నేనొక్కదాన్నే. ఆ పొగరు నాకు లేదంటే దేవుడు కూడా నమ్మడు. మా నాయన చర్చి పక్కన కుట్టుమిషను పెట్టుకొని ఉన్నాడు. ఆయనకు ముందు మా ఇంట్లో అందరూ కయ్యల్లో కూలిపని చేసినోళ్ళే. మా అవ్వ, అంటే నాయన తల్లి, అప్పటికీ ఒక పెద్ద రైతు ఇంట్లో వడ్లు చెరగను పోయేది. ఆ ఇంట్లో మజ్జిగ చిలికిన రోజు పనోళ్ళంతా దొడ్డివాకిలి దగ్గర చెంబులు పట్టుకొని నిలబడాల. ఆ ఇంటామె అంత ఎత్తునుంచి, చెంబుకు తన గిన్నె తగలకుండా పోసేది. మిషను వచ్చినాక నాయన అవ్వకు ఖండితంగా చెప్పేసినాడు. "పనికి పోతే పో. ఆ దొడ్డివాకిట్లో మాత్రం చెంబు పట్టుకొని నిలబడొద్దు. మనం ఇంక ఒకరి మజ్జిగకు ఎదురు చూసేవాళ్ళం గాదు."

అవ్వ సరేనన్నది. మజ్జిగ లేకుండా ఆమెకు ముద్ద దిగేది గాదు. అయినా సరేనన్నది.

ఆ ఎండాకాలానికి మా చెల్లికి పది నెలలు. దాన్ని కన్న మూడో నెల్లోనే అమ్మకు టైఫాయిడు వచ్చి పాలు ఎండిపోయినాయి. అప్పటినుంచీ దాన్ని సాకింది అవ్వే. మెత్తగా ఉడికించిన అన్నం గుడ్డలో పిండి ఆ గుజ్జు తినిపించేది. పిల్ల బాగానే ఉండింది. నన్ను చూస్తే చాలు, రెండు చేతులూ చాపి ఎగిరేది. నేను పుస్తకం తీస్తే పేజీలు లాగేది. "ఇది నీకంటే పెద్ద చదువు చదివేట్టుందే" అని నాయన నన్ను ఉడికించేవాడు.

మార్చి నెలలో దానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో చాలామంది పిల్లలకు పట్టుకున్నాయి. కాంపౌండరు ఇచ్చిన గులాబిరంగు మిక్చరుతో నాలుగు రోజులకు కొంచెం తగ్గినాయిగానీ పూర్తిగా కట్టలేదు. పిల్ల చిక్కిపోయింది. బుగ్గలు పోయి కళ్ళు మిగిలినాయి. "బిడ్డకు బలం లేదు, ఏదైనా బలం పెట్టాల" అని అమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పి ఏడ్చేది.

బలం అనంగానే అందరికీ గుర్తొచ్చింది పాలపొడి. అప్పట్లో అమెరికానుంచి చర్చికి అట్ట డ్రమ్ముల్లో వచ్చేది. ఆదివారం ఆరాధన అయినాక గిన్నెలు పట్టుకొని వరస కడితే, పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, గరిటెతో కొలిచి వేసేది. ఇది కూడా గిన్నె పట్టుకొని నిలబడడమే గదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాకెవరికీ అనిపించలేదు. ఇది దొడ్డివాకిట్లో పోసే మజ్జిగ గాదు, ఇంగ్లీషు అక్షరాల డ్రమ్ములోంచి వచ్చే పాలు. బళ్ళో కూడా ఆ పాలే కలిపి పోసేవాళ్ళు. తాగిన అరగంటకు సగంమంది తుమ్మచెట్ల వెనక్కి పరిగెత్తేవాళ్ళు. నాకూ కడుపు ఉబ్బి గుడగుడలాడేది. పాలు సంపూర్ణాహారమని పుస్తకంలో అచ్చేసి ఉండె. ఇంక తప్పు పాలది ఎట్లవుతుంది? మా కడుపులదే అనుకున్నాను.

అమ్మగారు మా చెల్లి సంగతి విని మామూలుకంటే నాలుగు గరిటెలు ఎక్కువ వేసి, గిన్నె నా చేతికే ఇచ్చింది. "నువ్వు చదువుకునే పిల్లవి. నీళ్ళు కాచి, కొలత చూసి, నువ్వే కలుపు" అన్నది. నలుగురి ముందర అన్నది. ఆ రోజునుంచి మా ఇంట్లో డాక్టరు నేనే. బడికి పోవడం కూడా తగ్గించేసినాను.

అవ్వ మాత్రం మొదటిరోజే అడ్డం వచ్చింది. "వొద్దమ్మే. బిడ్డ కడుపు లోపలంతా ఒరిసిపోయి ఉంటది. ఇప్పుడు పాలు పడవు. గంజిలో ఇంత పలచటి మజ్జిగ పోసి, ఉప్పు రాయి వేసి, కొంచెం కొంచెంగా పడితే అదే నిలబడతది" అన్నది.

నేను నవ్వినాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. "అవ్వా, గంజి అరగాలంటే నోట్లో రసంతో నమలాల. దానికి ఉండేదే నాలుగు పళ్ళు. పాలకైతే నమిలే పనే లేదు. నీకు ఎంజైములంటే ఏందో తెలుసునా?"

"నాకేం తెలుస్తది తల్లీ" అన్నది అవ్వ. "నేను ఏడుగుర్ని కన్నాను, అంతే తెలుసు."

"ఏడుగురిలో ముగ్గురే మిగిలినారు గదా" అన్నాను నేను. అమ్మ నన్ను ఆపలేదు.

మొదటి రెండురోజులు పాలు పట్టినాక చెల్లి కడుపు డప్పు మాదిరి ఉబ్బింది. నురుగు నురుగుగా పోయింది, పుల్లటి వాసన. పిరుదులు ఎర్రగా ఒరిసిపోయి, తడిగుడ్డ తగిలితే కెవ్వుమనేది. కొత్త ఆహారం గదా, అలవాటు పడాల అన్నాను. తర్వాత విచిత్రంగా నిమ్మళించింది. వారం తిరిగేసరికి ఉబ్బరం తగ్గింది, విరేచనం రోజుకు రెండుమూడుసార్లకు దిగింది, పిల్ల మళ్ళీ నన్ను చూసి చేతులు చాపింది. నేను ఆదివారం చర్చిలో అమ్మగారికి చెప్పినాను, పాలపొడి పని చేసిందని. ఆమె నా తల నిమిరింది. నా అంతటిది లేదనుకుంటా ఇంటికొచ్చినాను.

ఒక శనివారం ఒంటిపూట బడికి పోయి వచ్చేసరికి ఇంట్లో చెల్లి లేదు. పెరట్లో మునగచెట్టు కింద అవ్వ కాళ్ళు చాపుకొని కూర్చోని, పిల్లను కాళ్ళమీద వేసుకొని, కొబ్బరి చిప్పలోంచి ఏందో పడతా ఉంది. పిల్ల గుటకలు వేస్తా తాగుతా ఉంది. దగ్గరికి పోతే మజ్జిగ వాసన కొట్టింది. పక్కన అవ్వ చెంబు. నేను పొద్దున కలిపి పెట్టిపోయిన పాలగిన్నె ఖాళీగా ఉంది. మునగచెట్టు మొదట్లో ఇసక తెల్లగా అట్టకట్టి ఉంది, ఒక్కరోజు పోస్తే కట్టేదిగాదు అది.

"అమ్మా!" అని నేను వేసిన కేకకు మిషను దగ్గరనుంచి నాయన కూడా పరిగెత్తుకొని వచ్చినాడు.

ఏమేం మాట్లాడినానో అంతా గుర్తుంది. గుర్తుండకపోతే బాగుండు. "నేను కలిపిన పాలు చెట్టుకు పోస్తా ఉంది నాయనా! పిల్లకు మజ్జిగ పడతా ఉంది! కుండెడు కాగే పాలల్లో ఇంత పుల్లటి మజ్జిగ పడితే ఏమవుతుంది? విరిగిపోవా? నేను పట్టే పాలు దాని కడుపులోకి పోయి ఈమె మజ్జిగతో కలిసి విరిగిపోతా ఉండాయి. అందుకే పిల్ల ఇంకా పూర్తిగా తేరుకోలేదు. ఆ పుల్లటి వాసన ఏందనుకున్నారు? మజ్జిగ వాసన!"

అవ్వ బిత్తరపోయి చూసింది. "ఆ వాసన నేను మజ్జిగ పట్టకముందే ఉండింది గదమ్మా. పట్టినాకనే గదా తగ్గింది" అన్నది, మెల్లగా.

ఆ ఒక్క మాట ఎవరైనా విని ఉంటే! ఇంట్లో ఉన్న అసలు సైన్సు ఆ మాటలోనే ఉండింది. కానీ కాగే పాలల్లో పుల్లటి మజ్జిగ పడితే విరుగుతుందనేది అందరి వంటింట్లో రోజూ కనపడేదే గదా. నా మాట అమ్మకు ఇట్టే ఎక్కింది. నాయనకు అది కూడా అక్కర్లేకపోయింది. ఆయన చూసింది చెంబును. "మళ్ళీ ఆ దొడ్డివాకిట్లో నిలబడినావా? నా పరువు తీసేదాకా నీకు నిద్ర పట్టదా?" అని చెంబును ఎగరేసి తన్నినాడు. అమ్మ వచ్చి అవ్వ కాళ్ళమీదనుంచి పిల్లను లాక్కునింది. పిల్ల చిప్ప కోసం చేతులు చాపి ఏడ్చింది.

అప్పటినుంచి అవ్వను పిల్ల దగ్గరికి రానీలేదు. నేను పాలు ఇంకా చిక్కగా కలిపినాను, పోయిన బలం తిరిగి రావాల గదా. ఉబ్బరం మళ్ళీ వచ్చింది. నురుగు, వాసన, అన్నీ మళ్ళీ వచ్చినాయి. "అదంతా లోపల మిగిలిన మజ్జిగ, పోనీ" అన్నాను. మూడోరోజుకు పిల్ల ఏడవడం మానేసింది. నోరు ఎండిపోయి, మాడు గుంట పడింది. అయిదోరోజు పొద్దున్నే నెల్లూరు ఆసుపత్రికి పోదామని అమ్మ, నాయన, నేను బండి కట్టించుకొని రోడ్డుమీదికొచ్చి బస్సు కోసం నిలబడినాము. నా చేతిలో పాలసీసా ఉండింది, దారిలో పట్టేదానికి. బస్సు దూరంగా కనపడతా ఉండంగానే అమ్మ పిల్ల మొహంలోకి చూసి "ఏమండీ" అన్నది. బస్సు వచ్చి మా ముందర ఆగింది. ఎక్కుతారా లేదా అని కండక్టరు కసురుకున్నాడు. సీసా ఇంకా నా చేతికి వెచ్చగా తగులుతా ఉండింది.

సమాధి చేసి వచ్చినాక అమ్మ అవ్వకెదురుగా నిలబడి, "నీ మజ్జిగే నా బిడ్డను పొట్టన పెట్టుకునింది" అన్నది. అవ్వ వాదించలేదు. "అవునేమోనమ్మా" అన్నది. ఆ తర్వాత ఆమె మజ్జిగ ముట్టలేదు. పనికి కూడా పోలేదు. పెరటి పక్కనుండే గుండ్రటి గుడిసెలోకి, చుట్టింట్లోకి, మారిపోయింది. అమ్మ ఆమెతో ఇంక నేరుగా మాట్లాడలేదు, "ఆ ముసలామెకు అన్నం పెట్టు" అని నాకు చెప్పేది. నేను పెట్టేదాన్ని. నాకూ ఆమెమీద కోపమే. నా చెల్లిని చంపిందని నిజంగానే నమ్మినాను, ఏళ్ళ తరబడి నమ్మినాను.

అరవైల నడుమ నేను నర్సు ట్రైనింగులో చేరినాను. మొదటి ఏడే జఠరం పాఠం వచ్చింది. పాలు ఎవరి కడుపులోకి పోయినా ముందు విరగాల్సిందేనంట. విరగ్గొట్టేదానికి జఠరంలో వేరే ఎంజైమే ఉందంట, రెన్నిన్ అని. మా అయ్యవారు కూడా ఆ పాఠం చెప్పే ఉంటారు, నేను బడి ఎగ్గొట్టి ఇంట్లో డాక్టరమ్మ వేషం వేస్తా ఉండిన రోజుల్లో. ఆ పూట నాకు మెతుకు దిగలేదు. అయినా ఎట్లనో సర్దుకున్నాను. విరగడం సంగతి తప్పైతే కావచ్చుగానీ, మజ్జిగ చెడ్డదే అయ్యుంటుందిలే అని.

రెండో ఏడు నన్ను పిల్లల వార్డులో వేసినారు. అక్కడ ఒక బిడ్డ, మా చెల్లి వయసే, అదే ఉబ్బరం, అదే వాసన. తల్లి చేతిలో పాలసీసా. డాక్టరమ్మ వచ్చి ముందు ఆ సీసా తీయించేసింది. ఎందుకని ఒక నర్సు అడిగితే నిలబడి ఓపిగ్గా చెప్పింది. "పాలల్లో ఒక రకం చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము చిన్నపేగు లోపలి పొరలోనే ఉంటుంది. విరేచనాలు ముదిరితే ఆ పొర ఒరిసిపోతుంది, దాంతోపాటే ఎంజైమూ పోతుంది. పొర మళ్ళీ కట్టుకునేదాకా ఎన్ని పాలు పోస్తే అంత చేటు. ఆ చక్కెర అరగకుండా కిందికి దిగి, ఒంట్లో నీళ్ళన్నీ పేగులోకి లాగేస్తుంది. అక్కడ పులుస్తుంది. ఆ ఉబ్బరం, నురుగు, పుల్లటి వాసన అంతా దానివల్లే. పలచటి గంజి పట్టండి, ఉప్పు వేసి. కొంచెం తేరుకున్నాక మజ్జిగ. మజ్జిగలో ఆ చక్కెరను తోడు కొంత ముందే తినేసి ఉంటుంది."

నేను వరండాలోకి వచ్చేసినాను. లోపలంతా ఒరిసిపోయి ఉంటది. అవ్వ అన్నది ఆ మాటే. పొల్లు పోకుండా ఆ మాటే.

సెలవు పెట్టి ఊరికి పోయినాను. మధ్యాహ్నం ఇల్లు చేరితే అమ్మ లోపల వండుతా ఉంది. నాయన మిషను దగ్గర ఉన్నాడు. అప్పటికి మా ఇంట్లోనే ఒక బర్రె ఉండింది, మజ్జిగకు కొదవ లేదు. ఒక గిన్నెలో ఇంత అన్నం పిసికి, పలచగా మజ్జిగ పోసి చుట్టింట్లోకి తీసుకపోయినాను. అవ్వకు చూపు బాగా తగ్గింది. వాసన పట్టి గిన్నెను పక్కకు నెట్టింది. "నేను మజ్జిగ తాగను గదమ్మా" అన్నది.

నేను కింద కూర్చోని మొత్తం చెప్పినాను. పేగు, పొర, చక్కెర, నేను చేసిన పని. చెప్తా చెప్తా వెక్కెక్కి ఏడ్చినాను. "అయితే నేను గాదా?" అన్నది అవ్వ.

"నువ్వు గాదవ్వా. నువ్వు బతికిస్తా ఉండినావు. నేను..."

"మీ అమ్మకు చెప్పినావా?"

"లేదు. ఇప్పుడే పోయి చెప్తాను."

"వొద్దు" అని నా చెయ్యి పట్టుకునింది. "నేనింకెన్నాళ్ళుంటాను. మీ అమ్మకు కోపం పెట్టుకునేదానికి నేను ఒకదాన్ని ఉండాను, సరిపోయింది. అది నీమీద పెట్టుకుంటే నువ్వు యాడికి పోతావు? నాకు తెలిసింది గదా. చాల్లే." తర్వాత చిన్నపిల్ల మాదిరి, "ఆ గిన్నె ఇట్లా తే" అన్నది.

వొద్దు అన్న ఆ మాట నాకెంత హాయిగా వినపడిందో రాయాలంటే సిగ్గుగా ఉంది. అవ్వ గిన్నెను రెండు చేతులతో ఎత్తి తాగింది. గడ్డంమీద కారితే తుడుచుకోను కూడా ఆగలేదు. ఎన్నేళ్ళ తర్వాతనో గదా. సగం తాగినాక వాకిట్లో నీడ పడింది. అమ్మ. గిన్నెను చూసింది, అవ్వ గడ్డాన్ని చూసింది. "మళ్ళీ మొదలుపెట్టినావా? నా బిడ్డను మింగింది చాలలేదా?" అన్నది. అన్నేళ్ళ తర్వాత అమ్మ ఆమెతో నేరుగా అన్న మాట అదే.

అవ్వ నావైపు తిరిగింది. ఆమెకు నేను కనపడి ఉండను, అయినా తిరిగింది. నేను నోరు తెరవలేదు. ఆ రోజూ తెరవలేదు, ఆ ఏడు వానల్లో అవ్వ పోయినప్పుడూ తెరవలేదు, చానా ఏళ్ళకు అమ్మ పోయేదాకా తెరవలేదు.

అవ్వ గిన్నెను కింద పెట్టి, "పొరపాటైంది తల్లీ" అన్నది అమ్మతో. నేను మిగిలిన మజ్జిగను మునగచెట్టు మొదట్లో పారబోసి, గిన్నె కడిగి బోర్లించినాను.